ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక ముడి

(మన పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1986 పదో తరగతి బ్యాచి. ముప్పై ఏళ్ళుగా వంతెనల డిజైన్ పనిలో ఉన్నాను. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "మీరు వంతెనల గురించి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. వంతెనల గురించి వినడానికి ఈ మండుటెండలో ఇంతమంది వచ్చి కూర్చోనక్కర్లేదు. అందుకని ఇంట్లో కూర్చుని ముత్యాల దండ గుచ్చుకోవడం గురించి చెబుతానన్నాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత, "సరే, మీ ఇష్టం" అన్నారు. కాబట్టి ఇది నా బాధ్యత మీదే జరుగుతున్న ప్రసంగం.

ముందు ఈ పనిలోకి ఎలా వచ్చానో చెబుతాను. మా అమ్మకు రెండు పేటల ముత్యాల హారం ఉండేది. నాన్నకు ఎరియర్స్ డబ్బు వచ్చినప్పుడు ఇద్దరూ హైదరాబాదు వెళ్ళి, పత్తర్‌గట్టీలో నాలుగు కొట్లు తిరిగి కొన్నారు. అమ్మ ఒంటి మీద ఉన్న బంగారం కొంత మా చదువులకు కరిగిపోయింది గానీ, ఆ హారం మాత్రం మిగిలింది. అమ్మ పోయాక రెండేళ్ళకు బ్యాంకు లాకరు తెరిచాం. అక్క హారాన్ని అలా చేతిలోకి తీసుకుందో లేదో, దారం పుటుక్కున తెగింది. ముత్యాలన్నీ గచ్చు మీద దొర్లాయి. లాకరు గది తలుపు మూయించి, అక్కా నేనూ మోకాళ్ళ మీద పాకి ఏరుకున్నాం. ఏరాక లెక్క పెడితే 138.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మేం ముగ్గురం. అక్క, అన్నయ్య, నేను. అన్నయ్య అమ్మకన్నా ముందే పోయాడు. అక్క, "అమ్మ నగ కూతురికి రావడం ఆనవాయితీ కదరా" అంది. ఆ మాటలో తప్పేమీ లేదు. మా ఆవిడ ఏమీ అనలేదు. అదే నాకు కాస్త భయం వేసింది. మా వదిన, "నాకెందుకు బాబూ ఇప్పుడు ముత్యాలు, మీరిద్దరూ చూసుకోండి" అంది. ఆ "ఇప్పుడు" అన్న మాట నాకు గుచ్చుకుంది. భర్త పోయిన మనిషి కాబట్టి ఆమె వాటా లేనట్టే అని ఎవరూ నోటితో అనలేదు. అనకుండానే అందరం ఒప్పుకునేలా ఉన్నాం. అమ్మ చివరి ఆరేళ్ళూ చూసుకున్నది వదినే.

అమ్మేసి డబ్బు పంచుకుందామంటే ఎవరికీ మనసొప్పలేదు. మూడు దండలు చేద్దామన్నాను. "ఎవరు చేస్తారు?" అంది అక్క. "నేనే" అన్నాను. అప్పటికి నాకు సూదిలో దారం ఎక్కించడం మాత్రమే వచ్చు.

ఇక్కడ ముత్యం గురించి నాలుగు మాటలు చెప్పాలి. హైదరాబాదుకు సముద్రం లేదు. అయినా అది ముత్యాల నగరం. నిజాముల కాలంలో బస్రా ముత్యాలకు అక్కడ గిరాకీ ఉండేది. రాజులు కొంటే వర్తకులు వచ్చారు, వర్తకులు వస్తే బెజ్జం వేసేవాళ్ళు, గుచ్చేవాళ్ళు వచ్చి స్థిరపడ్డారు. సముద్రం లేని ఊరికి ముత్యాల పేరు తెచ్చింది చేతిపనే. జపానులో మికిమోటో కోకిచి 1893లో సాగు పద్ధతిలో అరముత్యాన్ని పండించాక ఈ వ్యాపారం రూపమే మారిపోయింది. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవాళ్ళు 1973లో తూత్తుకుడిలో ముత్యాన్ని సాగు చేసి చూపించారు. ఈ రోజు కొట్లలో మనం చూసే మంచినీటి ముత్యాల్లో ఎక్కువ భాగం చైనా నుంచి వస్తాయి.

ముత్యం రాయి కాదు. ఆల్చిప్ప తన లోపల పొర మీద పొరగా పేర్చుకున్న కాల్షియం కార్బొనేట్. మన కెమిస్ట్రీ సారు సున్నపురాయి మీద ఆమ్లం చుక్క వేసి నురగ చూపించేవారు, గుర్తుందా? ముత్యం కూడా మూలంలో ఆ పదార్థమే. ఆ పొరలను అతికించి ఉంచేది ఒక ప్రొటీను. ఒక్కో పొర మందం సుమారు అర మైక్రాను. అది కాంతి తరంగం పొడవుకు దగ్గరగా ఉంటుంది కాబట్టే ముత్యానికి ఆ లోపలి మెరుపు. ఇందులోంచే జాగ్రత్తలన్నీ వస్తాయి. నిమ్మరసం, వెనిగర్, సెంటు, చెమట దానికి పడవు. అలంకారమంతా అయ్యాక చివర వేసుకోవాలి, ఇంటికి రాగానే ముందు తీయాలి. మోహ్స్ కొలతలో దాని గట్టిదనం 2.5 నుంచి 4.5 దాకా మాత్రమే. ఇంట్లో దుమ్ములో ఉండే ఇసుక రేణువు 7. అందుకని పొడిగుడ్డతో గట్టిగా రుద్దకూడదు. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి.

నాకు ఇంజనీరుగా వచ్చిన మొదటి అనుమానం, అసలు దారం ఎందుకు తెగింది అని. లెక్క వేసి చూశాను. 6 మిల్లీమీటర్ల ముత్యం బరువు సుమారు 0.3 గ్రాములు. 46 ముత్యాల దండ అంటే 15 గ్రాముల లోపే. ఆ బరువుకు దారం తెగదు. పట్టుదారాన్ని తినేసేవి మూడు. ఒకటి, చెమట, నూనె. రెండు, బెజ్జం అంచు. అది కంటికి కనిపించని రంపంలా దారాన్ని కోస్తుంటుంది. మూడు, సాగడం. దారం సాగితే ముత్యాలు అటూ ఇటూ జరుగుతాయి, జరిగిన కొద్దీ ఆ రంపం నడుస్తూనే ఉంటుంది. వంతెనల్లో కూడా ఇంతే. చాలా చోట్ల పెద్ద బరువు కన్నా, చిన్న కదలిక వేలసార్లు జరగడమే ప్రమాదం. అందుకే రోజూ వేసుకునే ముత్యాల దండను ఏడాది రెండేళ్ళకోసారి తిరిగి గుచ్చించుకోమంటారు. అమ్మ హారం కొన్నప్పటి నుంచి గుచ్చింది లేదు.

ఈ రాపిడికి పాతకాలపు మందు ఒకటుంది. అదే ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి. ముడి ఉంటే ముత్యాలు ఒకదాన్నొకటి రాసుకోవు. దారం మీద జరగవు. ఒకచోట తెగినా మహా అయితే ఒక్క ముత్యం పడుతుంది, మిగతావి తమ ముడుల మధ్య తాము నిలిచి ఉంటాయి. వంతెనకు స్పానుకూ స్పానుకూ మధ్య సందు వదులుతాం కదా, ఒకదాని కష్టం ఇంకోదాని మీద పడకుండా? అలాంటిదే.

పత్తర్‌గట్టీ వెనక సందులో ఒక పెద్దాయన కూర్చుంటాడు. ముత్యాలు గుచ్చేవాళ్ళను అక్కడ పట్వాలంటారు. మూడు శనివారాలు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. చాయ్ నాది, పాఠం ఆయనది. నేను తొందరపడినప్పుడల్లా, "జల్దీ నక్కో సాబ్" అనేవాడు. ఆయన కాలి బొటనవేలికి దారం చుట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని పనిచేస్తాడు. నేను ఇంట్లో బల్ల అంచుకు ఒక క్లిప్పు బిగించుకున్నాను. అంతే తేడా.

ఇక పని. కావలసినవి పెద్దగా ఏమీ లేవు. ఒక తెల్లటి తువ్వాలు, పట్టుదారం, మెలితిప్పిన తీగతో చేసిన పూసల సూది, గుండుసూది, చిన్న కత్తెర, కొక్కెం, కొక్కేనికి తగిలే చోట దారం అరగకుండా తొడిగే స్ప్రింగు లాంటి సన్నని తీగ గొట్టం. తువ్వాలు మడిచి గాడిలా చేస్తే ముత్యాలు దొర్లవు, వరుస కనిపిస్తుంది.

మొదట ముత్యాలను ఏర్చాలి. ఈ పని పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చేయాలి. ట్యూబులైటు కింద అన్నీ ఒకే తెలుపుగా కనిపిస్తాయి. పగలు చూస్తే ఒకటి గులాబీ, ఒకటి మీగడ, ఒకటి బూడిద. తర్వాత సైజు. ఇక్కడ నాకు మన ఫిజిక్స్ ల్యాబు పనికొచ్చింది. తొమ్మిదో తరగతిలో వెర్నియర్ కాలిపర్సుతో గోళీ వ్యాసం కొలిపించేవారు. అదే కొలతతో 138 ముత్యాలనూ కొలిచాను. చిన్నది 4.5 మిల్లీమీటర్లు, పెద్దది 7.5. సగటు 6.

పంచడం ఎలా? పెద్దవి ఒకరికీ చిన్నవి ఒకరికీ పోకూడదు. సైజు వారీగా వరుసలో పెట్టి, మొదటి మూడూ ఒకటి, రెండు, మూడు కుప్పల్లో వేశాను. తర్వాతి మూడూ వెనక నుంచి మూడు, రెండు, ఒకటి. మళ్ళీ ముందు నుంచి. ఇలా పాములా తిరుగుతూ పంచితే ఏ కుప్పకూ మొదటి ఎంపిక అన్న లాభం ఉండదు. కంసాలి తక్కెడలో తూచి చూస్తే మూడు కుప్పలూ ఇంచుమించు ఒకే బరువు. ఏ కుప్ప ఎవరిదో మా అక్క మనవడి చేత చీటీలు తీయించాం. నాలుగేళ్ళ పిల్లాడి చేతి మీద ఎవరికీ అనుమానం ఉండదు.

తలా 46 వచ్చాయి. 16 అంగుళాల దండంటే 406 మిల్లీమీటర్లు. 46 ముత్యాలు 276 మిల్లీమీటర్లు, ముడికి ఒక్కో మిల్లీమీటరు, కొక్కేనికి 16. ఎలా చూసినా చాలదు. అందుకని మెడ వెనక భాగానికి, జడ కింద కనపడని చోట, బంగారు పూత వేసిన 4 మిల్లీమీటర్ల వెండి గుండ్లు పక్కకు 7 చొప్పున 14 కలిపాను. ముత్యాలు 276, గుండ్లు 56, ముడులు 60, కొక్కెం 16. మొత్తం 408. రెండు మిల్లీమీటర్ల తేడా మెడకు తెలియదు. ఈ గుండ్లతో ఇంకో లాభం ఉంది. కొక్కెం దగ్గర దారం చివరి పూసల్లోంచి వెనక్కి తిరిగి రావాలి, అంటే ఒకే బెజ్జంలో రెండింతల పోగులు పట్టాలి. ముత్యం బెజ్జం ఒక మిల్లీమీటరుకన్నా సన్నం, పట్టదు. గుండు బెజ్జం వెడల్పు, పడుతుంది.

దారం ఎంత కావాలి? రెండు పోగులు కలిపి వేస్తే ఒక ముడికి 4, 5 మిల్లీమీటర్లు పోతుంది. 60 ముడులకు 30 సెంటీమీటర్లు, దండకు 40, పట్టుకోవడానికి కొంత. కాబట్టి 2 మీటర్లు కత్తిరించి రెండుగా మడవాలి. పట్టు సాగుతుంది గనుక, వాడేముందు ఒక రాత్రి చిన్న బరువు కట్టి వేలాడదీయాలి. దారం బెజ్జం నిండేంత లావు ఉండాలి. సన్నదైతే ముడి బెజ్జంలోకి జారిపోతుంది.

ముందు కొక్కెం పని. మూడు గుండ్లు ఎక్కించి, తీగ గొట్టం తొడిగి, దాన్ని కొక్కెం వలయంలోంచి మడిచి, దారాన్ని మొదటి గుండులోంచి వెనక్కి తేవాలి. ముడి. రెండో గుండు, ముడి. మూడో గుండు, ముడి. అక్కడి నుంచి వరుస సాగుతుంది. రెండో కొస కూడా ఇలాగే మూసి, చివరి ముడికి ఒక చిన్న జిగురు చుక్క పెట్టి, మిగిలిన దారం కత్తిరించాలి.

ఇక ముడి. ముత్యం ఎక్కించండి. దారంతో ఒక చుట్టు వేసి కొసను అందులోంచి తీయండి, కానీ బిగించకండి. వదులు చుట్టులో గుండుసూది పెట్టండి. సూదితో ఆ ముడిని మెల్లగా ముత్యం దాకా జరపండి. ముడి ముత్యాన్ని తాకాక, సూదిని తీస్తూనే దారం లాగండి. తర్వాత రెండు పోగులనూ చెరో చేత్తో విడదీసి లాగితే ముడి ముత్యానికి ఆనుకుని కూర్చుంటుంది. ఇదంతా చెప్పడానికి అర నిమిషం. చేతికి రావడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. పాత గాజుపూసల మీద సాధన చేశాకే అమ్మ ముత్యాలు ముట్టుకున్నాను. ముడి ఎక్కువ బిగిస్తే దండ కర్రలా నిలబడుతుంది, వదులైతే సందులు కనిపిస్తాయి. గుండెల మీద మెత్తగా వంగి పడాలి. అది కొలతకు అందదు, వేలికి తెలుస్తుంది.

మొదటి దండకు ఆరు సాయంత్రాలు పట్టింది. మూడోది ఒక ఆదివారంలో అయిపోయింది.

దండలు ఇచ్చి మూడేళ్ళయింది. నిరుడు అక్క ఫోను చేసింది. బస్సులో మనవడు ఒళ్ళో కూర్చుని దండ పట్టుకుని లాగాడట. "ఒరేయ్, దారం తెగింది గానీ ఒక్క ముత్యమే పడిందిరా, సీటు కిందే దొరికింది" అంది. లాకరు గదిలో 138 ముత్యాలు ఏరిన మనిషికి ఆ ఒక్క ముత్యం విలువ తెలుసు. "వదిన దండ కూడా అలాగే ముడులు వేశావా?" అని అడిగింది. వేశానన్నాను. "అయితే మంచిదే" అంది. ఆనవాయితీ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వదిన చాలాకాలం పెట్టెలోంచి తీయలేదు. "ఉంది కదా, చాలు" అనేది. మొన్న సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిశాం. భోజనాల దగ్గర వడ్డిస్తుంటే చూశాను, మెడలో దండ ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. అక్క మాత్రం లేచి వెళ్ళి, వదిన మెడ వెనక కొక్కెం పక్కకు జరిగితే సర్ది వచ్చింది.

ఇది మా ఇంటి సంగతి. బడి వేదిక మీద ఎందుకు చెబుతున్నానంటే, ఒక కారణముంది. మా రోజుల్లో శుక్రవారం చివరి రెండు పీరియడ్లు పని అనుభవం. ఆడపిల్లలకు కుట్లు, అల్లికలు, పూసల పని. మగపిల్లలకు తోటపని. కుట్టు గది కిటికీలోంచి మేం తొంగి చూస్తే, టీచరమ్మ స్కేలు చూపించేవారు. ఆ గది ఇప్పుడు విరిగిన బెంచీలు పెట్టుకునే గదయింది. పీరియడ్లు స్పెషల్ క్లాసులయ్యాయి. మార్కులు కావాలి, కాదనను. నేను బతికింది మార్కుల మీదే. కానీ నా దగ్గరకు కొత్తగా వచ్చే ఇంజనీర్లను చూస్తుంటాను. లెక్క తప్పు లేకుండా చేస్తారు. కంప్యూటరు మీద ఎంతటి వంతెననైనా నిలబెడతారు. బోల్టు ఎంత బిగిస్తే చాలో మాత్రం వేలికి తెలియదు. తెగితే ఏం జరుగుతుంది, ఎంతవరకు జరుగుతుంది అన్న ప్రశ్న వాళ్ళకు తట్టదు. ఒక్కసారి పూసల దండ గుచ్చి, అది తెగి గదంతా దొర్లితే ఆ ప్రశ్న దానంతటదే తడుతుంది.

స్వర్ణోత్సవ నిధిలో గోడలకు, గేటుకు, స్టేజీకి చాలా లెక్కలు రాశారు, చూశాను. అందులో ఒక చిన్న పద్దు కలపమని సంఘాన్ని కోరుతున్నాను. ఆ గది ఖాళీ చేయించి, నాలుగు బల్లలు వేయండి. గాజుపూసలు, దారం, సూదులు, రెండు వెర్నియర్ కాలిపర్సులు. ఒక మంచి మైకు సెట్టుకన్నా తక్కువ ఖర్చు. నెలకు రెండు శనివారాలు చాలు. ఆడపిల్లలూ మగపిల్లలూ అందరూ కూర్చోవాలి. కిటికీలోంచి తొంగి చూసే పని ఎవరికీ ఉండకూడదు. మొదటి ఆరు నెలలు నేను వస్తాను. మన బ్యాచిల్లో వడ్రంగం, కుట్టు, ఎలక్ట్రికల్ పని తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళూ వంతులవారీగా రావచ్చు. టీచరుగారు నడవగలిగితే, మొదటి శనివారం ఆవిడే వచ్చి కుర్చీలో కూర్చోవాలని నా కోరిక. స్కేలు కూడా తెచ్చుకోవచ్చు.

చివరగా, ఇక్కడున్న అక్కచెల్లెళ్ళకూ అన్నదమ్ములకూ ఒక మాట. మీ ఇంట్లో అమ్మదో, నాయనమ్మదో పూసల దండ ఉంటే, ఈ రోజు ఇంటికి వెళ్ళాక ఒక్కసారి దారం చూడండి. ముత్యాల మధ్య దారం కనిపిస్తోందంటే సాగిందని అర్థం. నల్లబడినా, పీచులు లేచినా అది తెగేదాకా ఆగకండి. తేలేనివాళ్ళు పట్వా దగ్గరకు తీసుకెళ్ళండి. తేగలిగినవాళ్ళు శనివారం ఇక్కడికి తీసుకురండి. తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోండి.